నాలుగో మనిషి బియ్యం

కరుణాకుమారి ఇల్లు నడిపే తీరు చూసి విడవలూరులో ఆడవాళ్ళు ముచ్చటపడేవాళ్ళు. చిన్నప్పుడే తల్లి పోతే, నాయన్నీ తమ్ముణ్ణీ చూసుకుంటా పొయ్యి దగ్గరే పెరిగింది. గింజ వృథా పోనిచ్చేది కాదు. అట్లని ఎవరి కడుపూ మాడ్చేది కాదు. "నోరు కట్టుకుంటే నెల గడవదు. నోటికి తగ్గట్టు కొనుక్కుంటేనే గడిచేది" అనేది.

జడ్సన్‌ను పెళ్ళి చేసుకున్నాక కూడా అదే పద్ధతి. జీతం రాగానే ముందు బియ్యం, పప్పు, నూనె. పాపకు పాలు. ఆదివారానికి చేపలు. చెప్పకుండా వచ్చే చుట్టానికి కూడా రెండు పూటల తిండి అందులోనే. ఆ తర్వాతే మిగతా ఖర్చులు.

జడ్సన్‌కు అల్లూరు దగ్గర రొయ్యల గుంటల్లో మేత చల్లే పని దొరికితే, గుంటల పక్కనే ఇల్లు అద్దెకు తీసుకున్నారు. వీధిలో చివరి ఇల్లు. అద్దె తక్కువని సంబరపడినారే గానీ ఎందుకు తక్కువో అడగలేదు.

మొదటి నెలే లెక్క తప్పింది. నెలాఖరు ఇంకా దూరంగా ఉండగానే బియ్యం డ్రమ్ములో కొలిచే డబ్బా అడుక్కి తగిలింది. కొత్త చోటు గదా, చెయ్యి జారుంటుంది అనుకుంది. రెండో నెల చేపలు మానేసింది, పప్పు పలచన చేసింది. అయినా అంతే. మొగుడి మీద కూడా అనుమానం వచ్చింది.

"క్యారేజీ ఎవురికన్నా పంచిపెడతా ఉండావా?" అని అడిగింది.

"నాకే చాలడంలేదు కరుణా. ఈ ఇంటి కూడు తిన్నట్టే ఉండదు" అన్నాడు జడ్సన్.

ఆ మాట ఆమె గుండెల్లో పడింది. ఎందుకంటే కూతురు ఎవాంజెలిన్ కూడా కంచం ఖాళీ చేసి, "అమ్మా, నేను అన్నం తిన్నానా?" అని అడుగుతా ఉంది.

ఒకరోజు మధ్యాహ్నం వరండాలో మిషన్ మీద జాకెట్టు కుడుతోంది కరుణ. మొగుడు పనిలో, పాప బడిలో. గుంటల్లో నీళ్ళు చిలికే యంత్రాల హోరు ఆ ఇంటికి ఎప్పుడూ ఉండేదే. అంతలో కరెంటు పోయింది. హోరు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో వంటింట్లోంచి చప్పుడు వినబడింది.

నములుతున్న చప్పుడు. తొందరేమీ లేదు. బాగా ఆకలేసిన మనిషి నిమ్మళంగా కూర్చుని, ముద్ద వెనక ముద్ద తింటున్నట్టు.

పిల్లి అనుకుని చీపురు తీసుకుని పోయింది. వంటింట్లో ఎవరూ లేరు. కిటికీ మూసే ఉంది. నేల మీద మాత్రం ఒక కంచం. పొద్దున తను కడిగి బోర్లించినదే. దాని నిండా తడి, అంచున ఒక చేపముల్లు. ఆ ఇంట్లో చేపలు వండి నెల దాటింది. తడి వేలికంటితే నాలిక మీద పెట్టి చూసింది. ఉప్పు. సముద్రపు ఉప్పు.

బిత్తరపోయి, పక్కింటి ఎస్తేరమ్మ దగ్గరికి పరిగెత్తింది. ముసలామె ఆమె మొహం చూడంగానే చేటలో బియ్యం పక్కన పెట్టింది.

"వినబడిందా?" అంది.

"ఎవురు పెద్దమ్మా అది?"

"కామాక్షయ్య. ఆ ఇంట్లోనే ఉండేవాడు. వేటకు పోయి తుఫానులో చిక్కుకున్నాడు. పడవ దొరికింది గానీ మనిషి దొరకలా. పెండ్లాం వెంకటశేషమ్మ, శవం చూడంది నేను నమ్మనని, రోజూ మధ్యాహ్నానికి అన్నం వడ్డించి కూర్చునేది. ఏళ్ళ తరబడి. చివరికి అన్నదమ్ములు వచ్చి బలవంతంగా కొడవలూరు తీసకపోయినారు. ఆ వడ్డించిన అలవాటు ఇంటికి మిగిలిపోయిందమ్మే. వచ్చినోళ్ళంతా మూణ్ణెల్లకు ఖాళీ చేసి పోతారు."

ఆ రాత్రి కరుణ, ఆయనక్కూడా ఒక కంచం పెడదామంటే జడ్సన్ ఒప్పుకోలేదు. "మనం ప్రార్థన చేసుకునే మనుషులం. దయ్యాలకు కూడు పెట్టేదేంది?" అన్నాడు. సంఘపెద్దలు వచ్చి ప్రార్థన చేసి పోయినారు. మర్నాడు కుండెడు అన్నం వండితే ముగ్గురూ తిన్నారు, ముగ్గురూ ఆకలితోనే లేచినారు. పాప గోడకానుకుని కళ్ళు మూసుకుంది.

బిడ్డ మొహం చూసి కరుణ ఒక నిర్ణయానికొచ్చింది. "ఆకలన్నోడికి పెట్టమనే గదా మనకు చెప్పేది? బతికినోడికి మాత్రమే పెట్టమని ఎవురూ చెప్పలా" అంది.

ఆ నెల సరుకులు ముగ్గురికి కాదు, నలుగురికి తెచ్చింది. చుట్టాల కోసం ఉంచేదాన్ని ఇందులో కలిపింది. ఖరీదైన చేపల జోలికి పోకుండా, చవకగా దొరికే చిన్న చేపలు నెత్తళ్ళు తెచ్చింది. చాలని దానికి ఇంకో ఇద్దరి జాకెట్లు ఒప్పుకుంది. మధ్యాహ్నం కాగానే వంటింట్లో కంచం పెట్టి, "తినయ్యా. మా పిల్లదాని పాలు మాత్రం ముట్టుకోబాక" అని, తలుపు దగ్గరికి వేసి వరండాలోకి వచ్చింది. తలుపు వైపే చూస్తా మిషన్ ముందు కూర్చుంది.

తలుపు తీసేసరికి కంచం ఖాళీ. తడి. ఆ రోజు ఎవాంజెలిన్ సగంలోనే చెయ్యి కడుక్కుని, "కడుపు నిండింది" అంది. నెలాఖరుకు డ్రమ్ములో ఇంకా బియ్యం ఉన్నాయి. అట్లా ఏడాది గడిచింది. కరుణకు భయం పోలేదు గానీ అలవాటైంది. కూర ఉప్పెక్కువైన రోజున కంచంలో కాస్త మిగిలేది. ఆమె నొచ్చుకునేది కూడా.

పోయిన వానాకాలం బియ్యం మళ్ళీ తరిగినాయి. పాప మళ్ళీ ఆకలనింది. కరుణకు అంతు చిక్కలేదు. మధ్యాహ్నం తలుపు తీసి చూస్తే, తను పెట్టిన కంచం పక్కన ఇంకో కంచం. అదీ ఖాళీనే, కానీ పొడిగా ఉంది. రెండూ ఎదురెదురుగా.

ఎస్తేరమ్మ దగ్గరికి పోతే ఆమె కళ్ళు తుడుచుకుంటా ఉంది.

"కొడవలూరు నుంచి కబురొచ్చిందమ్మే. వెంకటశేషమ్మ పోయి వారమైందంట."

కరుణ ఇంటికొచ్చి, చెంగుతో ఆ రెండు కంచాలూ తుడిచింది. సాయంత్రం జడ్సన్ రాగానే సంచి చేతికిచ్చి, "ఈసారి ఐదుగురికి తే. ఆయమ్మకు పళ్ళుండవు, బియ్యం మెత్తగా ఉడికేవి చూడు" అంది.