నా నిద్ర కోసం వాడకట్టంతా గప్‌చుప్

నవ్వుతారని తెలిసే చెబుతున్నాను. భూపాలపల్లి బొగ్గుగని క్వార్టర్లలో నా నిద్ర వల్ల ఒక ఉపద్రవం వచ్చింది.

అప్పట్లో నాది వరుసగా నైట్ షిఫ్టు. పగటి నిద్ర అంతంతమాత్రం, షుగర్ మాత్రం పైపైకి. దవాఖానలో డాక్టరమ్మ రిపోర్టు చూసి కళ్లద్దాలు తీసింది.

"నిద్ర సక్కగ లేకుంటే షుగర్ అదుపుల ఉండది. నెల రోజులు కంటినిండ నిద్రపో. తగ్గకుంటే ఇన్సులిన్ సూదే."

సూదంటే నాకు పై ప్రాణాలు పైనే పోతాయి. గనిలో పాతాళానికి దిగే మొనగాణ్ని, సూది మొన చూస్తే చెమటలే!

"నిద్రే గద మేడం, సూడుండ్రి నా తడాఖా!" అని మీసం తిప్పి వచ్చాను.

రాగానే ఆర్డర్లు వేశాను. మా ఆవిడ సరోజకు కుక్కర్ నిషేధం. కూరగాయల ఆటోకు మైకు బంద్. పక్క క్వార్టర్ మొగిలన్నకు టీవీ బంద్. ఆయనది పొద్దటి షిఫ్టు, మధ్యాహ్నం వచ్చి నడుం వాలుస్తాడు.

"నీకొక్కనికేనా నిద్ర?" అన్నాడు.

"జర నెల రోజులు ఓర్చుకో అన్నా. పానం మీదికొచ్చింది."

పాపం, మంచి మనిషి. ఓర్చుకున్నాడు.

ఇక చూడండి, పగలంతా మొద్దు నిద్ర!

"నీ గురకకు గోడ గడియారం ఊగుతాంది" అని సరోజ మొత్తుకునేది.

"గురకొచ్చిందంటే నిద్ర పట్టినట్టే గదనే!" అని గదమాయించేవాణ్ని.

నెల తిరిగింది. సరోజను వెంటబెట్టుకుని పెళ్లికొడుకులా దవాఖానకు పోయాను. బెంచీ మీద మొగిలన్న, కళ్లు చింతనిప్పులు!

"ఎన్నడు లేంది నీకు షుగర్ గింత పెరిగిందేంది?" డాక్టరమ్మ ఆయన్ను అడిగింది.

"నిద్ర లేదు మేడం. కన్ను మూతపడ్తలేదు."

"ఎందుకు? ఏమన్న చప్పుడా?"

"గా గురక చప్పుడు గీడనే కూసున్నది మేడం!" అని నావైపు వేలు చూపించాడు.

నేను తొణకలేదు. "నాది సూడుండ్రి మేడం. తగ్గింది గద?"

"పెరిగింది! గురకల మధ్యల ఊపిరి ఆగుతాందా?"

సరోజ అందుకుంది. "ఆగుతది మేడం! మల్ల వస్తదో రాదో అని నేను పక్కనే మేలుకొని కూసుంటున్న."

మీసం మీది చెయ్యి మెల్లగా దించేశాను.

"గట్లయితే అది నిద్రే కాదు, దానికి వేరే వైద్యం చెయ్యాలె" అని డాక్టరమ్మ సరోజ వైపు తిరిగింది. "చెయ్యి ఇటియ్యమ్మా, నీకు గూడ షుగర్ పరీక్ష చేద్దాం."

నాకు సూది తప్పలేదు. అది దిగుతుండగా కళ్లు గట్టిగా మూసుకుని శపథం చేశాను: ఈ జన్మలోనే కాదు, వచ్చే జన్మలో కూడా, పక్కన పడుకున్న మనిషిని అడగకుండా "నాకు బ్రహ్మాండంగా నిద్ర పట్టింది" అని ఎవరితోనూ అనను.