ఒకే చర్చి, రెండు ఎనిమిది గంటలు

యుద్ధం రోజుల్లో సర్కారు గడియారాలన్నీ గంట ముందుకు తిప్పమంది. బెంగళూరంతా తిప్పుకుంది. మా తెలుగు చర్చి మాత్రం సగమే తిప్పుకుంది.

తిప్పుకున్న సగానికి పెద్ద, ఒక సర్కారు ఆఫీసు సూపరింటెండెంటు. తిప్పనన్న సగానికి పెద్ద, నగర్తపేటలో ఇత్తడి సామాన్ల అంగడాయన. "సర్కారు చెప్పిందని సూర్యుడు గంట ముందు లేస్తాడేమప్పా? ప్రభువు లేచింది కూడా పాత టైముకే" అనేవాడాయన.

ఆదివారం ఎవరి మనుషులు వాళ్ళ పెద్ద ఇంటి దగ్గర కూడి, ఆయన వాచీ చూసి బయల్దేరదీస్తే పాడుకుంటూ చర్చికి నడిచొచ్చేవాళ్ళు. కొత్త టైము ఎనిమిదికి ఒక ఆరాధన. అది ముగిసి వాళ్ళు బయటికొస్తుంటే, పాత టైము ఎనిమిదికి ఇంకొకటి. గేటు దగ్గర ఎదురైతే ఒకరి చెప్పులు ఒకరు చూసుకుంటూ దాటిపోయేవాళ్ళు. పాపం, మా పాస్టరు అయ్యగారు రెండుసార్లూ ప్రసంగించాలి. రెండోసారికి గొంతు బొంగురుపోయేది కాబట్టి పాత టైము వాళ్ళకు ఎప్పుడూ పొట్టి ప్రసంగమే దొరికేది. పాత టైము మీద వాళ్ళ భక్తికి అదే అసలు కారణమని నా అనుమానం.

రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల విషయంలో మాత్రం అయ్యగారు కదల్లేదు. "ప్రభువు బల్ల రెండుసార్లు వేయను. అందరూ కలిసొచ్చిన రోజే రొట్టె విరుస్తా" అన్నాడు. ఆరు నెలలైంది. బల్ల లేదు.

దీనికి అందరికంటే నలిగింది మా అవ్వ. ఎనభై దాటింది, గుండె నీరసం. బల్ల తీసుకోకుండానే పోతానేమోనని ఒకటే బెంగ.

"ఏమ్మే, నేను చచ్చినాక ఏ టైముకి చచ్చినానని రాయిస్తారు వీళ్ళు? పాతదా, కొత్తదా? దానికీ కొట్లాడుకుంటారు చూడు" అంది ఒకరోజు.

నవ్వాను గానీ కడుపు మండిపోయింది. నాకసలే ముక్కు మీద కోపం. ముందు తిన్నగానే పోయి ఇద్దరు పెద్దల్నీ అడిగాను. ఇద్దరూ అచ్చంగా ఒకటే మాట చెప్పారు: "ముందు ఆయన్ను మారమను." ఆ మాట రెండోసారి విన్నది ఇత్తడి అంగట్లో. చేతిలో చెంబు ఉంది. విసరకుండా కింద పెట్టేశాను. నా ఇరవై రెండేళ్ళలో నేను చూపించిన ఓర్పంతా అదే.

నేను టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో ఆపరేటర్ని. చెవికి ఫోను, చేతిలో ప్లగ్గు, పొద్దస్తమానం ఇదే పని. ఇంట్లో గరిటె పట్టుకున్నా "నంబర్ ప్లీజ్" అంటానని అమ్మ ఎగతాళి. ఊళ్ళో ఫోనున్నవాళ్ళు వాచీ సరిచేసుకోవడానికి మా ఎక్స్‌ఛేంజికే ఫోను చేసి టైము అడిగేవాళ్ళు. ఆదివారం తెల్లవారగానే ఈ ఇద్దరు పెద్దలూ అడిగేవాళ్ళు. సూపరింటెండెంటుకు కొత్త టైము చెప్పేదాన్ని. అంగడాయనకు గంట తీసేసి చెప్పేదాన్ని.

ఒక శనివారం అవ్వకు ఆయాసం ఎక్కువైంది. రాత్రి డ్యూటీకి పోతూ అయ్యగారింటి దగ్గర ఆగాను. "రేపు రొట్టె సిద్ధంగా పెట్టుకోండి" అన్నాను.

"ఎందుకమ్మా?"

"సుమ్నె, ఊరికే."

తెల్లారి ఏడుకు పావుగంట ముందు సూపరింటెండెంటు ఫోను. ఆరుంబావు అని చెప్పాను.

"నా వాచీ ఆరూ ముప్పావు చూపిస్తాండాదే!"

"మీ వాచీ పరుగెత్తుతోందండీ."

"పోయిన నెలే నూనె వేయించినానమ్మా."

"ఎక్కువ వేసుంటారు. ఎక్స్‌ఛేంజి గడియారం అబద్ధం చెప్తుందా?"

నిజంగానే గడియారం అబద్ధం చెప్పలేదు. చెప్పింది నేను. అయిదు నిమిషాలకు అంగడాయన. ఆయన టైములో ఇంకా ఆరు కూడా కాలేదు. ఆరూ ఇరవై అన్నాను. "అయ్యో, నిద్రపోయినానే!" అని ఫోను పెట్టేశాడు. ఒకాయనకు అరగంట వెనక్కి, ఇంకొకాయనకు అరగంట ముందుకి. బయటపడితే నా ఉద్యోగం ఊడుతుంది.

డ్యూటీ దిగి, అవ్వను జట్కాలో ఎక్కించుకుని చర్చికి పోయేసరికి అటు నుంచి ఒక పాట, ఇటు నుంచి ఒక పాట. గేటు దగ్గర రెండూ గుద్దుకున్నాయి. కాసేపు ఎవరూ తగ్గకుండా గొంతులు పెంచారు. చివరికి రెండూ ఆగిపోయాయి.

"ఏమప్పా, మా దారికొచ్చినావే!" అన్నాడు అంగడాయన.

"నేనా? నువ్వే కదప్పా మా టైముకి వచ్చింది!"

ఇద్దరూ వాచీలు తీశారు. ఒకరి ముక్కు కిందికి ఒకరు తోశారు. రెండూ ఎనిమిదే చూపిస్తున్నాయి. రుజువు చేతిలో ఉంటే కొట్లాట సులువు. ఇక్కడ ఇద్దరి చేతిలోనూ ఒకే రుజువు.

అయ్యగారు వాకిట్లోకి వచ్చి అందర్నీ చూశాడు. "బల్ల సిద్ధం. లోపలికి రండి" అన్నాడు, మళ్ళీ ఎవరైనా టైము చూసుకుంటారేమోనన్నంత తొందరగా.

అవ్వను పట్టుకుని మోకరింపజేశాను. అటుపక్క సూపరింటెండెంటు, ఇటుపక్క అంగడాయన. ఆమె లేవలేకపోతే ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని లేపారు. అవ్వ కళ్ళు తుడుచుకుని, నా చెవిలో, "ఆర్నెల్లకి కలిపి ఇంకొంచెం పెద్ద ముక్క ఇయ్యకూడదా మే అయ్యగారు?" అంది.

మరుసటి ఆదివారం తెల్లారి, సూపరింటెండెంటు కంటే ముందే అంగడాయన ఫోను వచ్చింది.

"ఏమ్మా, పోయిన వారం నువ్వు చెప్పిన టైముకీ రైల్వే స్టేషను గడియారానికీ లెక్క కుదరకుండా ఉండాదే?"

నా పని అయిపోయిందనుకున్నాను. భయంలో కూడా కోపమే ముందొచ్చింది. "అయితే స్టేషన్నే అడుక్కోండి!"

"అరవద్దమ్మా. సూపరింటెండెంటుకు ఏం చెప్తావో నాకూ అదే చెప్పు."

"నన్నెందుకు నడుమ? ఆయన్నే అడగండి" అని ప్లగ్గు ఆయన నంబరులో గుచ్చేశాను.

ఆపరేటర్లు మాటలు వినకూడదు. విన్నాను. చాలాసేపు ఇద్దరూ దగ్గుకున్నారు. తర్వాత అంగడాయనే, "ఏమప్పా, మీ ఇంట్లో టైమెంత?" అన్నాడు.