ఫోను చెప్పిన తిప్పతీగ

మా ఆయనకు ఫోనులో టైపు చేయడం చేతకాదు. దాన్ని నోటి దగ్గర పెట్టుకుని, పక్కింటి మనిషిని అడిగినట్టే అడుగుతారు. "కిడ్నీ మార్సినోలు జాంకాయ తినొచ్చా?" "కాలు ఉబ్బితే ఏటి సెయ్యాల?" విశాఖపట్నంలో డాక్టరుగారి ముందు కూర్చుంటే మాత్రం నోరు పెగలదు. "అంతా బాగుందండీ" అనేసి బేగి లేచి వచ్చేస్తారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఎందుకు మండదు? ఆయన ఒంట్లో పనిచేస్తున్న కిడ్నీ నాది. ఆయన తినేదాని మీదా తాగేదాని మీదా నాకు పెత్తనం ఉందనే అనుకుంటాను.

ఫోనులో వచ్చిన ఒక వీడియోలో ఎవరో తిప్పతీగ కషాయం తాగితే రోగనిరోధక శక్తి పెరుగుతుందన్నాడు. మా నర్సీపట్నం వాళ్ళకు తిప్పతీగ కొత్తేమీ కాదు. కొయ్యూరు వైపు నుంచి సంతకు వచ్చే ఆవిడ కొండచీపుర్లతో పాటు ఆ తీగ కట్టలూ తెస్తుంది. జ్వరమొస్తే మా అత్తగారు కాచి పోసేవారు. అందుకే ఈయనకు అనుమానమే రాలేదు. నేను జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్ళగానే కాచుకుని తాగడం మొదలుపెట్టారు. ఒకరోజు గిన్నె అడుగున పిప్పి చూసి నిలదీశాను.

"ఇంటి మందే గదే, ఏటవుద్ది?" అన్నారు.

తర్వాతి రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగింది, అంటే కిడ్నీ దెబ్బతింటున్నట్టు. డాక్టరుగారు ఏం వాడుతున్నారని అడిగితే ఆయన రోజూ వేసుకునే మాత్రల పేర్లే చెప్పారు. తిప్పతీగ సంగతి నేనే చెప్పాను.

"ఇదే కారణమని గట్టిగా చెప్పలేనమ్మా," అన్నారు డాక్టరుగారు. "కానీ ఆయన ఒంటికి మీ కిడ్నీ పరాయిది. ఒళ్ళు దాని మీద తిరగబడకుండా రోగనిరోధక శక్తినే మందులతో తగ్గించి ఉంచుతున్నాం. ఈయనేమో దాన్ని పెంచుకుంటున్నారు."

అందరికీ మేలు చేసేది ఈయనకు మాత్రం కీడని ఆ వీడియోలో ఎవడూ చెప్పలేదు. ఆసుపత్రిలో ఉంచి ఇంజెక్షన్లు ఇచ్చారు. క్రియాటినిన్ తగ్గింది గానీ పాత అంకెకు రాలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో దారి పొడవునా తిట్టాను. ఇంటికి రాగానే మిగిలిన తీగంతా పెంట మీద పారేశాను.

"ఇంకేదైనా కావాలంటే డాక్టరుగార్ని అడగండి. లేకపోతే నన్నడగండి. ఆ ఫోన్ని మాత్రం అడగొద్దు" అన్నాను. ఆయన తల ఊపారు.

మొన్న మధ్యాహ్నం పెరట్లో ఆరిన బట్టలు తీసుకుని లోపలికి వస్తుంటే గదిలోంచి ఆయన గొంతు వినిపించింది. మళ్ళీ ఫోనే. కోపంగానే గుమ్మం దాకా వెళ్ళాను.

"మా ఆడమనిషి నాకొక కిడ్నీ ఇచ్చీసింది. అది నా దగ్గర పాడైపోతే, మిగిలిన ఒక్కదాంతో ఆవిడ ఎన్నేలు బతుకుద్ది?"

ఫోను తనకు అర్థం కాలేదంది. ఆయన విసుక్కోలేదు. ఒక్కో మాటా విడదీసి మళ్ళీ మొదటినుంచి అడగడం మొదలుపెట్టారు.

లోపలికెళ్ళి ఫోను లాక్కోవాల్సిందే. కానీ వెళ్ళలేదు. ఆయనకు కిడ్నీ ఇచ్చిన నాటి నుంచి ఆ మాట నేను ఎవర్నీ అడగలేదు. నాకు భయం. బట్టలు గుండెకు హత్తుకుని, జవాబు కోసం గుమ్మంలోనే నిలబడిపోయాను.