తడి ఇసుక సంచులు

ఐదో క్లాసు రెండేళ్ళు చదివాను. మూడో ఏడు బల్లే నన్ను మోయలేనంది. బరువుల గురించి రాసేవాడి చదువు అంత. నవ్వారా? నవ్వించడం నాకు తేలిక. తొమ్మిదేళ్ళుగా లోపల మోస్తున్నది చెప్పడమే కష్టం.

నయాపైసలు కొత్తగా వచ్చిన రోజులు. ముత్తుకూరు దగ్గర గిడ్డంగి కడుతున్నారు. నేను ఇనప పని మేస్త్రీని. కప్పును మోసే ఇనప కడ్డీల చట్రం, అదే ట్రస్సుకు కొత్త రూపం గీసింది చిన్న ఇంజనీరు దేవసహాయం గారు. ఏ కడ్డీ ఎక్కడ పెడితే అన్నిటికన్నా తక్కువ ఇనుముతో అదే బరువు ఆగుతుందో నెలల తరబడి సమీకరణాలు వేసి తేల్చారాయన. పాత ట్రస్సులోని కడ్డీల్లో మూడో వంతు ఎగిరిపోయాయి.

"పని చెయ్యని కడ్డీ ఒక్కటి కూడా ఉండకూడదు మేస్త్రీ," అన్నారు.

"అట్లయితే సార్, మన ఆఫీసులో ముందు ఎవురిని తీసేస్తారు?"

అందరూ పగలబడి నవ్వారు. ఆయనా నవ్వారు. "నిన్ను మాత్రం తియ్యనులే. నువ్వుంటే పని బరువు తెలీదు."

ఆ నవ్వు చాల్లేదు నాకు. పరీక్షలో ట్రస్సు వంగి తీరుతుందని, ఆయన పైనున్న పెద్ద ఇంజనీరు ఎదటే కూశాను.

పరీక్ష అంటే ట్రస్సు మీద ఇసుక సంచులు పేర్చడం. ఎండు ఇసుక సంచి ఒక్కటి తూచి, ఆ లెక్కన ఇన్ని సంచులని ఎక్కిస్తాం. మిగతావి ఎవరూ తూచరు. నింపించే పని నాది. ఆ ఒక్క సంచీ వదిలి, తక్కినవన్నీ అలలు తడిపిన ఇసుకతో కూరి కూరి నింపించాను. గోతాలు తడిగా ఉన్నాయేమంటే, మంచు కురిసిందన్నాను. నమ్మారు.

ఎందుకు చేశాను? నవ్వించేవాణ్ణి నవ్వులపాలు కాలేకా? మా చేతుల్లోని పనిని ఒక కాగితం తగ్గించిందన్న కడుపుమంటా? ఇన్నేళ్ళు తిరగేసి చూసినా, రెండింట్లో ఏది ఎక్కువో నాకే తేలలేదు.

చివరి వరస పేరుస్తుంటే సన్న కడ్డీ ఒకటి వంకర తిరిగింది. "ఈ లెక్కలు బడిలో చెప్పుకో పో," అన్నాడు పెద్ద ఇంజనీరు. అందరికన్నా ముందు నవ్వింది నేనే. గిడ్డంగికి పాత రకం ట్రస్సులే వేశాం. దేవసహాయం గారు నెల తిరక్కుండా పని మానేశారు.

పోయిన నెల కోట అనే ఊరికి వెళ్ళాను. అక్కడ బడిలో లెక్కలే చెబుతున్నారాయన. వరండాలో నిలబడి అంతా చెప్పేశాను. గుండె కాస్త తేలికైంది. ఆ తేలికకే సిగ్గేసింది.

ఆయన లోపలికి వెళ్ళి, పచ్చబడ్డ కాగితాల కట్ట తెచ్చి నా చేతిలో పెట్టారు.

"తొమ్మిదేండ్లుగా దీంట్లో తప్పు ఎక్కడుందా అని ఎతకతా ఉండా మేస్త్రీ. ఏదీ, ఇప్పుడు నవ్వించు."