మేస్త్రి బొటనవేలి గుంట

గోడ పూర్తయ్యాక చివరి అతుకులో బొటనవేలు నొక్కడం ఆ అన్నదమ్ముల అలవాటు. ఇద్దరూ తాపీమేస్త్రులే. సంతకం చేయడం రాని తండ్రి దగ్గర పని నేర్చుకున్నారు. ఆయన సంతకం అదే.

మురుగుకాలువ గుంతలో మట్టి విరిగిపడి తమ్ముడు చనిపోయాడు. అది మనిషి నిలువుకంటే లోతైన గుంత. అంత లోతుకి పక్కల చెక్కలు నిలబెట్టి, మధ్యలో అడ్డకర్రలు బిగించాలి. రెండు గంటల పనికి చెక్కలెందుకని కాంట్రాక్టరు కసిరాడు.

గుంత పూడ్చాక అన్న అక్కడ ఒక రాయి నిలబెట్టాడు. చుట్టూ సిమెంటు పూసి, చేతి అలవాటు కొద్దీ చివర్లో బొటనవేలు నొక్కాడు. పేరు చెక్కలేదు. తెలిసినవాళ్లకి వేరే చెప్పాలా అనుకున్నాడు. అదే కొంప ముంచింది.

ఏడాది తిరక్కుండానే ఎవరో పువ్వు పెట్టారు. ఇంకెవరో దీపం పెట్టారు. సిమెంటులోని ఆ బొటనవేలి గుంటలో వేలుంచి కోరుకుంటే పనవుతుందని ఒకరన్నారు. ఎవరో సాధువు భూమిలోకి వెళ్తూ నొక్కిన గుర్తని మరొకరు. పనిచేసినవాడు నోరు మూసుకుంటే పనిలేనివాడు కథ అల్లుతాడు. మేస్త్రి అదంతా నిజం కాదని చెప్పబోతే, ఇటుకలు పేర్చుకునేవాడివి నీకేం తెలుసని నవ్వారు. తమ్ముడి భార్య ఆ దారిన నడవడమే మానేసింది.

కొన్నేళ్లకి అదే కాంట్రాక్టరు అక్కడ గుడి కట్టిస్తానన్నాడు. పునాదికి ముగ్గు పోసిన రోజు, జనం ముందు సాధువు కథ చెప్పి, గుంటలో వేలు పెట్టబోయాడు. మేస్త్రి అందరినీ తోసుకుంటూ వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు. సుత్తిదెబ్బకి ఎప్పుడో వంకరపోయిన తన బొటనవేలు గుంటలో పెట్టాడు. అచ్చు పోసినట్టు సరిపోయింది.

"చూశారుగా, ఇది నా వేలు. సాధువూ లేడు, గీధువూ లేడు. ఇక్కడ ఊపిరాడక చచ్చింది నా తమ్ముడు. నాలుగు చెక్కలడిగితే ఇవ్వనిది ఈ పెద్దమనిషి."

"నలుగురి ముందు ఏంటిది మేస్త్రీ? తర్వాత మాట్లాడుకుందాం," అన్నాడు కాంట్రాక్టరు.

"నాతో కాదు, వాడితో మాట్లాడు."

రోజూ దీపం పెట్టే ముసలమ్మ ముందుకొచ్చింది.

"ఆ బిడ్డ పేరేంటి నాయనా?"

ఇన్నేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. మేస్త్రి చెప్పాడు. సంచిలోంచి ఉలి తీసి, రాతిమీద ఆ పేరు, దాని కింద చెక్కలు వెయ్యని గుంతలో చనిపోయాడన్న మాట చెక్కాడు. కోపం దిగలేదు, దెబ్బ దెబ్బకీ రాతిపొడి లేస్తూనే ఉంది. ముసలమ్మ దీపం వెలిగించింది. ఆయన వద్దనలేదు.

ఆ మాట కింద, చెక్కలు ఇవ్వనివాడి పేరుకి సరిపడా చోటు వదిలి, కాంట్రాక్టరు వైపు చూశాడు. గుడికని వచ్చిన ఇటుకల లారీ దించకుండానే వెనక్కి వెళ్లింది.