శాంతిపురం పుప్పొడి పొట్లం

పెళ్ళికి ముందు ఆ రెండు మూడేళ్ళూ నాకు భయపడడమే ఒక ఉద్యోగంగా ఉండేది. (అసలు ఉద్యోగం మదనపల్లెలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పడం. అది సాయంత్రం గంట కొట్టగానే అయిపోయేది. భయానికి మాత్రం గంట లేదు, ఆదివారమూ లేదు.) దానికి కారణం మా మిద్దె మీద, నీళ్ళ ట్యాంకు పక్కన, ఎండ ఆపే పచ్చ నెట్టు కింద వేలాడే కూజా మొక్కలు. బెంగళూరు నర్సరీ నుంచి ముచ్చటపడి తెచ్చుకున్నాను. ఆకు చివర తీగలా సాగి, ఆ తీగ కొసన మూతతో సహా చిన్న కూజా తయారవుతుంది. అంచున తీపి, లోపల జారుడు, అడుగున నీళ్ళు. తీపికి వచ్చిన ఈగ జారి లోపల పడి మొక్కకు తిండి అయిపోతుంది. మా నాన్నది టమోటా మండీ కాబట్టి ఈగలు ఆయన వెంటే ఇంటికొచ్చేవి, తిండికి కొదవ లేదు. కొదవంతా నీళ్ళకే. మా బోరు నీళ్ళలో ఉప్పెక్కువ, అవి పోస్తే వేళ్ళు చచ్చిపోతాయి. వాన నీళ్ళే కావాలి. మదనపల్లెలో వాన నీళ్ళ మీద ఆధారపడిన మనిషికి మనశ్శాంతి ఎక్కడుంటుంది? మబ్బు పడితే డ్రమ్ములు సర్దుకుని మిద్దెక్కేదాన్ని, వేడిగాలి కొడితే నెట్టు చుట్టూ తడిగుడ్డలు కట్టేదాన్ని, పాఠం మధ్యలో కిటికీలోంచి ఎండ చూసి మాట మరిచిపోయేదాన్ని. "పెండ్లి కావాల్సిన పిల్ల మబ్బులు సూసుకుంటా కూసోనుండాది, దీన్ని ఎవురు చేసుకుంటారప్పా" అని అమ్మ నాన్నతో అనేది. నాన్న ఈగను తోలుకుంటూ మబ్బు వైపు చూసేవాడు. ఆయనకూ టమోటాల దిగులు ఉండేది.

అలాంటి రోజుల్లో నా పెద్ద మొక్క పూత వేసింది. సంతోషించాల్సిన సంగతే. అయితే ఈ మొక్కల్లో ఆడది వేరు, మగది వేరు. భూతద్దం పెట్టి చూస్తే నాది ఆడది. ("అది కూడా ఆడబిడ్డేనా!" అంది అమ్మ, చేతినిండా పని ఉన్నా నిట్టూర్చడానికి తీరిక చేసుకుని.) మగ పువ్వు పుప్పొడి తెచ్చి అద్దకపోతే ఆ పూత ఊరికే రాలిపోతుంది, మళ్ళీ ఎప్పుడు పూస్తుందో తెలియదు. ఫోన్లో మొక్కల వాళ్ళ గ్రూపులో వెతికితే శాంతిపురంలో ఒక అక్క దొరికింది. ఆమె దగ్గర మగ మొక్క అప్పుడే పూసి ఉంది. పుప్పొడి దులిపి, కాగితంలో పొట్లం కట్టి ఫ్రిజ్‌లో పెట్టిందట. "కొరియర్‌లో పంపితే ఎండకు మాడిపోతాది పాపా. నమ్మకమైన మనిషిని పంపు, చేతికిస్తా" అంది. ఆదివారం నేనే బస్సెక్కి వెళదామనుకున్నాను. కానీ ఆదివారమే నన్ను చూడడానికి కుప్పం నుంచి పెళ్ళివారు వస్తున్నారు.

ఆ సంబంధం తెచ్చింది పుంగనూరు పెద్దమ్మ, అంటే మా అమ్మకు అక్క. కుప్పంలో బట్టల అంగడి, మంచి కుటుంబం. ఒకటే చిక్కు, అబ్బాయి తల్లికి నిష్ఠ జాస్తి. "కోడిగుడ్డు కూడా గడప దాటనియ్యదంట. పిల్లకు పూలచెట్లంటే ప్రాణం అని చెప్పినా. ఆ ఈగల్ని మింగే చెట్టు మాట ఎత్తినావంటే సూడు!" అని పెద్దమ్మ ఫోన్లోనే నన్ను వణికించింది. మొక్కల్ని దుప్పటి చాటున పెట్టాలని తీర్మానమైంది. నాకేమో పువ్వు వాడిపోతుందేమోనని ముద్ద దిగడం లేదు. కుప్పం నుంచి మదనపల్లెకు వచ్చే దారి శాంతిపురం మీదుగానే కదా అన్న ఆలోచన వచ్చాక ఇక అసలు దిగలేదు. చివరికి పెద్దమ్మ పంపిన వివరాల్లో ఉన్న అబ్బాయి నంబరుకు, ట్యాంకు వెనక నక్కి, ఫోన్ చేశాను.

"నేను మదనపల్లె నుంచి. ఆదివారం మీరు చూసేదానికి వస్తాండారే, ఆ అమ్మాయిని."

 అతను సన్నగా, "రావద్దంటారా?" అన్నాడు.

"అయ్యో, రండి! వచ్చేటప్పుడు శాంతిపురంలో ఒక అక్క పొట్లం ఇస్తుంది, తెస్తారా? ఎండ తగలకూడదు. తడి తగలకూడదు."

"పొట్లంలో ఏముండాది?"

"మగ పువ్వు పుప్పొడి."

 "మా అమ్మకు చెప్పొచ్చా?" అన్నాడు పాపం.

"వద్దు వద్దు, దయచేసి చెప్పొద్దండీ!" అన్నాను. ఇంతకంటే తెలివితక్కువ మాట నేను జీవితంలో అనలేదు.

ఆదివారం వాళ్ళ కారు ఆగింది. కిటికీ సందులోంచి చూశాను. మొదట అబ్బాయి తండ్రి దిగాడు, నుదుటి మీద పసుప్పచ్చ బొట్టు. తర్వాత తల్లి, కుంకుమ పైన పసుప్పచ్చ బొట్టు. దారిలో పుంగనూరులో ఎక్కించుకున్న మా పెద్దమ్మ దిగింది, ఆవిడకూ బొట్టే. ఆఖరున అబ్బాయి దిగాడు, అతనికీ బొట్టే. దానికింద ఉన్న ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. 

కాఫీలు ఇస్తుంటే అబ్బాయి తల్లే చెప్పింది. "మా వాడు శాంతిపురంలో కారు నిలిపి ఎవురిదగ్గరో పొట్లం తీసుకున్యాడు. ఏందిరా అంటే చెప్పడు. పుంగనూరులో వాడు కిందికి దిగినప్పుడు తీసి సూస్తే పసుపు! మంచి పనికి పోతాండాం గదా, ఏదో గుడి పసుపు అడిగి తెచ్చుకున్యాడని అందరికీ పెట్టినా. యాడ గుడిదిరా అంటే ఇప్పటికీ నోరు తెరవడు."

"ఇంకేమైనా మిగిలిందా అత్తా?" అనేశాను.

ఏ మాటా కుదరకముందే అత్తా అన్నందుకు పెద్దమ్మ నా నడుం మీద గిల్లింది. అబ్బాయి తల్లి మాత్రం మురిసిపోయి, సంచిలోంచి పొట్లం తీసి, కళ్ళకద్దుకుని నా చేతిలో పెట్టింది. మడతల్లో గోటి అంచుకు కూడా రానంత పొడి ఉంది. ఇక నాకు మర్యాదలేవీ గుర్తులేవు. కాఫీ పళ్ళెం అమ్మ చేతిలో పెట్టి మిద్దె మెట్లెక్కాను. పిల్లకేమైందోనని వెనకాలే అందరూ ఎక్కారు. దుప్పటి లాగి, రంగుల బ్రష్షుతో ఆ మడతలు దులిపి ఒక్కో పువ్వుకూ అద్దాను. సగం పువ్వులకే సరిపోయింది. బ్రష్షు చేతిలో ఉండగానే ఒక్క క్షణం ఆవిడ నుదుటి వంక చూశాను. (ఆగింది మర్యాద గుర్తొచ్చి కాదు, చెమట తగిలిన పుప్పొడి పనికిరాదని గుర్తొచ్చి.)

"అవి అలంకారానికి పెట్టినవిలే వదినా, ప్లాస్టిక్కువి" అంది పెద్దమ్మ, కూజాల్ని చూపిస్తూ. అదే నిమిషంలో ఒక ఈగ లోపల పడి గింజుకోవడం మొదలుపెట్టింది.

అబ్బాయి తల్లి వంగి చెవి పెట్టింది. "లోపల ఏందో అరస్తాండాది."

"ఈగ అత్తా. అది... తింటుంది." మళ్ళీ అత్త!

"మరి ఆ పసుపు?"

"పసుపు కాదమ్మా" అన్నాడు అబ్బాయి, వచ్చినప్పటినుంచి మొదటిసారి నోరు తెరిచి. "దీని మగ పువ్వు పొడి. ఆ పువ్వుకు అద్దేదానికి అడిగినారు."

ఆవిడ చెయ్యి నుదుటి దాకా వెళ్ళి ఆగిపోయింది.  కిందికి దిగి, కాఫీ సగంలో వదిలేసి, "ఫోన్ చేస్తాం" అని చెప్పి వెళ్ళిపోయారు. పెద్దమ్మ మాతో మాట్లాడడం మానేసింది.

తర్వాతి వారాల సంగతి ఏం చెప్పను! అమ్మ ఫోను ముందు, నేను మొక్క ముందు. కాయ పట్టిందో లేదో తెలియక నేను అన్నం కెలుకుతుంటే, పిల్ల ఆ అబ్బాయి మీద మనసు పెట్టుకుందని అమ్మ కళ్ళొత్తుకునేది. నేను కాదని చెప్పేదాన్ని. కానీ మొక్క గురించి ఫోను రాదని తెలిసి కూడా, అది మోగినప్పుడల్లా నేనూ ఉలిక్కిపడేదాన్ని. కుప్పం నుంచి ఒక్క మాట లేదు. పొడి తగిలిన పువ్వుల కింద మాత్రం సన్నటి కాయలు లావెక్కడం మొదలైంది.

ఒక సాయంత్రం కొత్త నంబరు నుంచి ఫోనొచ్చింది. అబ్బాయి తల్లే. పలకరింపులేమీ లేవు.

"పాపా, కాయ పట్టిందా?"

"పట్టింది అత్తా. అన్నీ కాదు, కొన్ని."

అవతల పెద్దగా ఊపిరి వదిలిన శబ్దం. "నా కడుపులో పాలు పోసినావు తల్లీ. అంత దూరం నుంచి అడిగి తెప్పించుకున్యదాన్ని బొట్టు పెట్టి పాడుచేసినానే, ఈ పిల్ల మా ఇంటికి రమ్మంటే వస్తాదా, ఏ మొగం పెట్టుకోని అడిగేది అని ఇన్నాళ్ళూ నాకు నిద్ర లేదు. మా వాడేమో ఫోన్ చేయమ్మా అని రోజూ పోరతాండాడు. పట్టిందో లేదో తెలీకుండా ఎట్ల చేసేది?"

"ఈగల్ని తింటుంది కదా అత్తా, మీకు..."

"తింటే తిననీ. దాని కడుపు దానిది. ఏం, నా వంటింట్లోకి వస్తాదా అది? మీ నాయనకు ఇయ్యి ఫోను."

నాన్నకు ఫోనిచ్చి మిద్దె మీదికి పరిగెత్తాను. ఎందుకు పరిగెత్తానో ఇప్పటికీ తెలియదు, అక్కడ చేయాల్సిన పనేమీ లేదు.

ఆ కాయల్లోంచి వెంట్రుకల్లాంటి విత్తనాలు వచ్చాయి. చాలావరకు మొలవలేదు. మొలిచినవాటిలో ఒకటి ఇప్పుడు కుప్పంలో మా ఇంటి వెనక చూరుకు వేలాడుతోంది. ఎండ ఎక్కువైతే మా అత్తే ముందు లేచి దాన్ని నీడకు జరుపుతుంది. మా ఆయనకు మాత్రం ఒక కొరత ఉండిపోయింది. ఎవరైనా పెళ్ళిచూపుల కబుర్లు మొదలుపెడితే చాలు, "ఆ రోజు నేను ఏం రంగు చొక్కా వేసుకోనుంటినో చెప్పు సూద్దాం" అంటాడు. ఎంత గుర్తు చేసుకున్నా ఆ కాగితం మడతలే కనిపిస్తాయి తప్ప చొక్కా కనిపించదు. నీలం అంటాను. కాదంటాడు. మరోసారి తెలుపంటాను. అదీ కాదు. ఏ రంగో మాత్రం చెప్పడు, చెబితే ఇక అడగడానికి ఏముంటుంది! నేనూ మా అత్తను అడిగి తెలుసుకోలేదు.