పడవకి పొట్టి పలుపు

మొన్న కార్తీకమాసం మూడో సోమవారం పొద్దున ఏడున్నర గంటలకి, మా తమ్ముడి కొడుకు శ్రీను మూడు ఇనప లంగర్లు తెచ్చి, బెల్లంకొండ అవతల రిజర్వాయరు ఒడ్డున పట్టా మీద పరిచి, పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా వాటి ముందు నిలబడ్డాడు. హైదరాబాదులో ఉద్యోగం చేసుకునేవాడు, ఎవరి దగ్గరో ఒక తెరచాప పడవ కొన్నాడు. అందులో చిన్న గది ఉంది, స్టవ్వు పెట్టుకోవచ్చు, ముగ్గురు పడుకోవచ్చు. ఆ రాత్రి భార్య మాధవినీ, పసిపిల్ల చిన్నినీ తీసుకుని నీళ్ళ మధ్యలో పడుకుంటానని వాడి పంతం. లంగరు నిలబడటం నా కళ్ళతో చూస్తే తప్ప పిల్లని రాత్రికి అందులో ఉండనివ్వనని నా పంతం.

"దేనికి ఎక్కువ స్టార్లు ఉన్నయ్యో చూస్తన్నానత్తా," అన్నాడు ఫోనులోంచి తలెత్తకుండా.

"స్టార్లు పైనుంటయ్ రా. కింద ఏముందో చూసినవా?"

"ఏముంటది, మట్టేగా."

నాకు ఒళ్ళు మండింది. కింద ఉన్నది మా ఊరు. నీళ్ళు నింపేటప్పుడు మమ్మల్ని లేపి కాలనీకి పంపితే, మా కల్లాలూ, గోడలూ, చేలూ అక్కడే ఉండిపోయాయి. వీడికి అదంతా ఒట్టి మట్టి!

ఆ లంగర్లలో ఒకటి అచ్చం నాగలి కర్రులా ఉంది. రెండోది నాలుగు కొక్కేలది, గొడుగులా ముడుచుకుంటుంది. మూడోది రెండు పారల్ని పక్కపక్కన అతికించినట్టుంది. నాకు అక్షరాలు వచ్చిందే జుట్టు నెరిశాక, అవీ తెలుగువి, అందుకని అట్టపెట్టె మీది ఇంగ్లీషు శ్రీనే చదివి చెప్పాడు, ఏ నేలలోనైనా పట్టుకుంటుందట. ఏ నేలకైనా సరిపోయే పనిముట్టు లోకంలో ఉంటే మా నాయన కొట్టంలో అన్ని రకాల గొర్రులూ గుంటకలూ ఎందుకుండేవో!

వాడు నైలాను తాడు చుట్ట విప్పితే కొత్త ప్లాస్టిక్ బకెట్ వాసన వచ్చింది. మా నాయన పడవ తాడు జనపనారది. నానితే తడిసిన గోనె వాసన, ఎండితే పాత గడ్డి వాసన, మాఘమాసంలో ఆ రెండింటి మీదా మిరపకాయల ఘాటెక్కి, ముక్కు దగ్గర పెట్టుకుంటే తుమ్ములు ఆగేవి కావు. మాకు ఊరి పక్కన నల్లరేగడి చేను ఉంది, కృష్ణకి అవతల ఇంకో చెక్క పొలం ఉంది. అవతల కోసిన కాయల్ని ఇవతలి కల్లానికి చేర్చడానికి మా నాయన కోటయ్య ఒక పాత తెరచాప పడవ కొన్నాడు. నాగలి పట్టడంలో ఆయనకి సాటి లేరు కానీ, పడవని కూడా ఎద్దే అనుకున్నాడు. పసుపు రాసి, నిమ్మకాయలు కట్టి, ఇంటికి తోలుకొచ్చిన కోడెని తట్టినట్టు దాని పక్కన రెండు తట్లు తట్టాడు.

మా రేవంతా నాపరాతి బండలు. పడవ వాటికి కొట్టుకోకుండా కాస్త లోపలే నిలపాలి, దానికి లంగరు కావాలి. ఆ రోజుల్లో మా అరుగెక్కిన ప్రతివాడూ లంగరు గురించి మాట్లాడినవాడే, మొలలోతు నీళ్ళలో దిగినవాడు ఒక్కడు లేడు. ముందు మా బాబాయి బావిలో పడ్డ చేదలు తీసే గాలం పట్టుకెళ్ళి వేశాడు. అది బండల సందులో ఇరుక్కుని, ఎంత గుంజినా రాక, తాడు కోస్తే తప్ప పడవ కదల్లేదు. ఊరంతటికీ ఉన్నది ఆ ఒక్క గాలమే. ఆ తర్వాత ఎవరి చేద బావిలో పడినా, దాన్ని బాబాయే తోసినట్టు ఆడవాళ్ళు మా గుమ్మంలోకొచ్చి తిట్టిపోయేవాళ్ళు.

"లంగరుకి కావాల్సింది బరువు," అని తేల్చాడు మా నాయన. ఇంట్లో అన్నిటికన్నా బరువైనది, తాడు కట్టుకోవడానికి నడుం ఉన్నది, మా నాయనమ్మ రోలు. పండుమిరపకాయలు, గోంగూర, ఉప్పు వేసి ఆమె ఆ రోట్లో నూరుతుంటే పెరటి గోడ అవతలున్నవాళ్ళకి కూడా నోరూరేది. వేడి జొన్నరొట్టె మీద ఆ పచ్చడి, పైన వెన్న, ఇంక ఆ పూట ఎవరూ మాట్లాడుకునేవాళ్ళు కాదు. అలాంటి రోలుని, ఆమె చుట్టాలింటికి వెళ్ళిన రోజు చూసి, తీసుకెళ్ళి నీళ్ళలో దించాడు.

పైగా తాడు పొట్టిగా కట్టాడు. నీళ్ళ లోతుకి సరిపడా వదిలి, మిగతాదంతా తెరచాప గుంజకి చుట్టేశాడు. "పలుపు పొడుగైతే ఎద్దు పక్కోడి చేలో పడుద్ది," అన్నాడు. ఆ మాటకి అరుగంతా తలూపింది.

నాయనమ్మ తిరిగొచ్చి, పెరట్లో రోలు లేని గుంట చూసి, నన్ను చెయ్యి పట్టుకుని రేవుకి ఈడ్చుకెళ్ళింది. పడవ నిండా కాయల బస్తాలు. ఇద్దరం నీళ్ళలో నడిచి ఎక్కామో లేదో, పడమటి గాలి లేచింది. అడుగున రోలు ఎగిరెగిరి పడుతున్న చప్పుడు నా అరికాళ్ళకి తెలుస్తోంది. పడవ బండల వైపు పోతోంది.

"బస్తాలు పట్టుకోండే!" అని ఒడ్డు నుంచి నాయన కేకలు.

"ముందు నా రోలు సంగతి చెప్పరా, సచ్చినోడా!" అంటూ నాయనమ్మ రోలు పైకి లాగడానికి గుంజకున్న చుట్లు విప్పింది. గాలికి తాడు ఆమె చేతుల్లోంచి బుసకొట్టుకుంటూ పోయింది, కొస ముడి దాకా పోయింది. తాడు ఏటవాలుగా సాగి, రోలుని పైకెత్తడం మాని పక్కకి లాగింది, రోలు పొర్లి ఏ సందులోనో కూర్చుంది, పడవ ఠక్కున ఆగి మూతి గాలికి తిప్పుకుంది.

బండలు ఇంకో పడవంత దూరంలో ఉన్నాయి. కాయలు దక్కాయి, మేమూ దక్కాం. రోలు మాత్రం మళ్ళీ పైకి రాలేదు. ఇంత జరిగాక మా నాయన ఊళ్ళోవాళ్ళతో అన్నదేమిటంటే, "చూశారా, బరువంటే అదీ!"

అందుకే శ్రీను మీద నాకంత విసుగు. గొడుగు లంగరు కూలిన గోడల్లో ఇరుక్కుంటుందని చెప్పి అవతల పెట్టించాను. కర్రులాంటిది తీసుకోమన్నాను. నీళ్ళలోంచి తల బయటపెట్టిన కరెంటు స్తంభం, దాని వెనక కొండ నెత్తీ ఒక వరసకి వచ్చే చోట మా చేను. అందరం పడవెక్కి అక్కడికి పోయాక వెయ్యమన్నాను. వేశాడు. వేసి, లోతుకి సరిపడా తాడు వదిలి ముడి వేశాడు! ఏ చదువు చదివితేనేం, కోటయ్య మనవడే కదా. పడవ మెల్లగా స్తంభం మీదికి పోతుంటే మాధవి చిన్నిని గుండెకి కరుచుకుంది.

"వదలరా తాడు!"

"ఎందుకత్తా అంత, లోతు తక్కువేగా?"

"ఏందిరా నీ లోతు! అది ఎద్దు కాదు, వదులు!"

వదిలాడు. తాడు ఏటవాలైంది. నేను దాని మీద చెయ్యి వేసి ఉంచాను. కింద కర్రు ముందు గీరుకుంది, తర్వాత దిగింది, తడి రేగడిలో నాగలి దిగేటప్పుడు మేడి పట్టినవాడి చేతికి తెలిసే ఆ బరువు నా చేతికి తెలిసింది. ఊరొదిలాక మా చేలో నాగలి దిగడం ఇదే. పడవ నిలబడింది. పిల్లని ఉంచుకోమన్నాను.

ఇప్పుడు ఆ రేవు లేదు, కల్లం లేదు, తుమ్మించే తాడు లేదు. మిక్సీలో తిప్పిన గోంగూరకి నోరూరదు, ఆ మాట చెబితే ఎవరూ వినరు. ఆ రోజు పడవలో ఉన్నది శ్రీను, మాధవి, చిన్ని, నేను. నాయనమ్మ ఉంటే, ఇంత దూరం వచ్చి తన రోలు తియ్యకుండా పోతున్నారేమని నలుగుర్నీ తిట్టేది.